కోరానికి ఆరుగురు తక్కువ

2005 సెప్టెంబరులో ఒక శనివారం పొద్దున, ఆక్లండ్‌లో మా ఇంటికి దగ్గరగా ఉన్న ప్రైమరీ స్కూలు హాల్లో నేను న్యూజీలాండ్ పార్లమెంటుకు ఓటేశాను. మేం ఈ దేశానికి వచ్చి అప్పటికి మూడేళ్లు. ఇక్కడ పౌరసత్వం తీసుకోకపోయినా, పర్మనెంట్ రెసిడెన్సీ ఉండి ఏడాదిపాటు కాపురం ఉన్నవాళ్లకు ఓటు ఉంటుంది. అట్టలతో నిలబెట్టిన పోలింగ్ బూత్‌లలో మా ఆయన ఒకదాంట్లో, నేను పక్కదాంట్లో నిలబడి టిక్కులు పెట్టాం. బయట స్కూలు పిల్లల తల్లిదండ్రులు ఫండ్ రైజింగ్ కోసం కేకులు అమ్ముతుంటే చెరో ముక్క కొనుక్కుని ఇంటికి వచ్చాం.

రెండు నెలల తరువాత ఆక్లండ్‌లోనే శాండ్రింగ్‌హామ్ అనే పేటలో ఒక కమ్యూనిటీ హాల్లో మా తెలుగు సంఘం సర్వసభ్య సమావేశం జరిగింది. అక్కడ నాకు ఓటు లేదని ఆ రోజే తెలిసింది. తెలిసిందనడం కూడా సరికాదు. అంతకుముందు రెండు సమావేశాలకు వెళ్లాను. లేదన్న సంగతి కళ్లెదుటే ఉంది. ఆ రోజే గమనించాను.

ఇండియాలో నేను గుడివాడలో ఒక జూనియర్ కాలేజీలో ఎనిమిదేళ్లు సివిక్స్ చెప్పాను. ప్రపంచంలో స్త్రీలకు మొదట ఓటు హక్కు ఇచ్చిన దేశమేది అనేది ఒక మార్కు ప్రశ్న. న్యూజీలాండ్, 1893 అని రాస్తే మార్కు. ఆ జవాబుకు ఎన్ని వందల టిక్కులు పెట్టి ఉంటానో. అలాంటిదాన్ని ఆ దేశానికే వచ్చి, ఓటింగు జరుగుతున్న ప్రతిసారీ హాలు వెనక పేపరు ప్లేట్లు సర్దుతూ కూర్చున్నాను.

సంఘం నియమావళిలో ఉన్నది చిన్న వాక్యం. కుటుంబానికి ఒక ఓటు, దాన్ని కుటుంబ యజమాని వేయాలి. సంఘం పెట్టిన కొత్తలో పన్నెండు కుటుంబాలు ఉండేవట. ఎవరి ఇంట్లోనో ఆదివారం భోజనాల తరువాత రాసుకున్న రూలు అది. ఎవరూ దురుద్దేశంతో రాయలేదు. యజమాని అనగానే ఎవరో అందరికీ తెలుసు కాబట్టి ఆ మాటకు అర్థం చెప్పాల్సిన అవసరం కూడా వాళ్లకు కనిపించలేదు.

ఆ రోజు కోశాధికారి పదవికి ఇద్దరు పోటీ పడ్డారు. చేతులెత్తమన్నారు. ముందువరసలో, మగవాళ్ల కుర్చీల మధ్య కూర్చున్న ఒక ఆడమనిషి చెయ్యి కూడా లేచింది. ఆవిడ శాండ్రింగ్‌హామ్‌లోనే ఒక ఇండియన్ గ్రోసరీ షాపులో కౌంటరు దగ్గర పనిచేసేది. ఊరు ప్రొద్దుటూరు. అందరం ప్రొద్దుటూరావిడ అనే అనేవాళ్లం. వయసు ముప్పై దాటి రెండు మూడేళ్లు ఉంటుంది. భర్త కాంట్రాక్టు ఉద్యోగం మీద మెల్‌బోర్న్ వెళ్లి అప్పటికి ఆరు నెలలు.

చేతులు లెక్కపెడుతూ వచ్చిన సెక్రటరీ కుర్రవాడు ఆవిడ దగ్గర ఆగాడు.

"అక్కా, అన్న రాలేదా?"

"రాల్యా. మెల్‌బోర్న్‌లో ఉండాడు గదా."

"అన్న ఉంటే వేసేవాడక్కా. ఫ్యామిలీ హెడ్ ఉండాలి."

"ఇప్పుడు ఇంట్లో హెడ్డు నేనే గదా తమ్ముడూ. కరెంటు బిల్లు కూడా నా పేరు మీదే వస్తాండాది."

అటూ ఇటూ కూర్చున్నవాళ్లు నవ్వారు. వేదిక మీది నుంచి అధ్యక్షుడుగారు కలగజేసుకున్నారు. ఆయన గుంటూరు వైపు పెద్దాయన, రిటైరైన ఇంజినీరు. కొత్తగా దిగిన ప్రతి తెలుగు కుటుంబానికీ ఎయిర్‌పోర్టుకు వెళ్లి కారులో ఎక్కించుకొచ్చి, మొదటి వారం భోజనాలు పెట్టిన మనిషి. మమ్మల్నీ అలాగే తీసుకొచ్చారు.

"రూలు అట్లా ఉందమ్మా. ఏమీ అనుకోకు తల్లీ" అన్నారు.

ఆవిడ చెయ్యి దించింది. చేతిలో ఉన్న పచ్చరంగు సభ్యత్వ కార్డును పర్సులో పెట్టుకుని జిప్పు లాగింది. "సరే సార్, నేను పులుసు చూసుకోవల్ల" అని లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. అలిగినట్టు కనిపించలేదు. కోశాధికారి ఎన్నికయ్యాడు. నేను ప్లేట్లు సర్దడం ఆపి ఆవిడ ఖాళీ చేసిన కుర్చీ వైపు కాసేపు చూశాను.

ఇంటికి వెళ్తూ కారులో మా ఆయన్ని అడిగాను.

"ఎవరికి వేశారు?"

చెప్పారు.

"నన్నడిగి ఉంటే అతనికి వద్దనేదాన్ని."

"అందుకే అడగలేదేమో" అని నవ్వి, నేను నవ్వకపోయేసరికి మళ్లీ అన్నారు. "నేను వేసింది మనిద్దరి ఓటే కదా. నా ఒక్కడిదీ అనుకుని వెయ్యలేదు."

"ఇద్దరిదీ అయితే ఇద్దరూ మాట్లాడుకోవాలి కదండీ."

"కోశాధికారి పోస్టుకి కూడానా?" అన్నారు ఇండికేటర్ వేస్తూ. మాట అక్కడితో ఆగింది.

ఆ ఏడు నేను ఊరికి దక్షిణాన మనురేవాలో ఒక బట్టల షాపులో వారానికి నాలుగు రోజులు పనిచేసేదాన్ని. ఇక్కడి స్కూళ్లలో పాఠాలు చెప్పాలంటే నా డిగ్రీలు చాలవనీ, ఇక్కడి యూనివర్సిటీలో రెండు పేపర్లు, అంటే రెండు కోర్సులు, చెయ్యాలనీ ఉత్తరం వచ్చింది. 2006 మొదట్లో, షాపుకు సెలవుండే మంగళవారాలకు సరిపోయే పేపరు వెతికితే ఒక్కటే దొరికింది. ఒప్పించే ప్రసంగాల గురించి. అందులో సగం భాగం పందొమ్మిదో శతాబ్దం చివర ఈ దేశపు స్త్రీలు ఓటు కోసం చేసిన ప్రసంగాల మీదే. నేను కోరి ఎంచుకున్నానని తరువాత కొందరు అనుకున్నారు. కాదు, టైంటేబుల్ అలా కుదిరింది.

పాఠం చెప్పినావిడ పొడుగ్గా, ఎముకలు బయటపడేట్టు ఉండే మనిషి. టీచరు కాకముందు కార్మిక సంఘంలో పనిచేశానని చెప్పింది. ఆ పాత ప్రసంగాలను కుర్చీలో కూర్చుని చదివేది కాదు. లేచి నిలబడి, ఎదురుగా జనం ఉన్నట్టే చదివేది. చదివాక, "వీళ్లు ఏం చెప్పారో నాకొద్దు. ఎవరితో చెబుతున్నారు? ఆ ఎదుటివాడికి ఏమిటి భయం? అది చెప్పండి" అనేది.

నాకు మొదట్లో ఆ ప్రశ్న పట్టలేదు. వాదనలే పట్టాయి. గుడివాడకు ఏడువేల మైళ్ల అవతల, నూరేళ్లకు పైగా వెనక, గౌన్లు వేసుకుని టోపీలు పెట్టుకున్న ఆడవాళ్లకు చెప్పిన సమాధానం మా ఆయన కారులో చెప్పిన సమాధానమే. ఇంటి పెద్ద వేసే ఓటు ఇంటిల్లిపాదిదీ అవుతుంది, ఆడదానికి వేరే ఎందుకు అని. దానికి ఆ స్త్రీలు చెప్పిన జవాబులు నోట్‌బుక్కులో రాసుకున్నాను. కొందరు న్యాయం పేరు చెప్పి అడిగారు. చట్టానికి లోబడే మనిషికి చట్టం చేసేవాణ్ణి ఎన్నుకునే హక్కుండాలని. కొందరు లాభం పేరు చెప్పి అడిగారు. తాగుడు వల్ల పాడైన ఇళ్లను చూపించి, మా ఓటు ఉంటే ఇళ్లు బాగుపడతాయని. కొందరు ఏమీ వాదించకుండా ప్రశ్నలు వేస్తూ పోయారు. ఊరూరా తిరిగి సంతకాలు తీసుకుని, ఆ కాగితాలన్నీ అంచులు కలిపి అతికించి, పెద్ద చుట్టగా చుట్టి పార్లమెంటుకు పంపారు.

చివర నేను రాసిన వ్యాసం నాకు బాగా నచ్చింది. టీచరు దాని అంచున పెన్సిల్‌తో ఒక వాక్యం రాసి ఇచ్చింది. మీరు మాట్లాడేవాళ్లను బాగా విన్నారు, వినేవాళ్లను చూడలేదు అని. మార్కులు ఓ మోస్తరుగా వేసింది. ఆ వ్యాఖ్య అన్యాయమని కొన్నాళ్లు అనుకున్నాను.

కుటుంబానికి ఒక ఓటు అనే సంఘం రూలు మార్చి, ఆడామగా ప్రతి ఒక్కరికీ ఓటివ్వాలని తీర్మానం పెట్టాలనే ఆలోచన ఆ చదువుతో వచ్చిందే. తీర్మానానికి పదిమంది సభ్యుల సంతకాలు కావాలి. సభ్యులంటే మగవాళ్లే కదా. కాగితం పట్టుకుని ప్రొద్దుటూరావిడ పనిచేసే షాపుకు వెళ్లాను. ఆవిడ విషయం విని, కాగితాన్ని బిల్లింగ్ మిషను పక్కన పెట్టించుకుంది.

"నువ్వు ఇల్లిల్లూ తిరగబాకక్కా. శనివారం అందరూ ఈడికే వస్తారు" అంది.

ఆ శనివారం నేనూ వెళ్లి ఆవిడ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. కందిపప్పు, కరివేపాకు, ఫ్రోజెన్ పరోటాలు సంచిలో వేస్తూ, "అన్నా, ఈడ ఒక సంతకం చెయ్యి, మీటింగులో మాట్లాడ్డానికి" అనేది. ఎందుకని ఒక్కరే అడిగారు. మిగతావాళ్లు చేసేశారు. ఒంటిగంటకల్లా పదకొండు సంతకాలయ్యాయి. అంత తేలిగ్గా వచ్చిన సంతకాలను చూసి గెలిచేశామనుకున్నాను. మాట్లాడనివ్వడానికి చేసిన సంతకం ఒప్పుకున్న సంతకం కాదని నాకు తట్టలేదు.

ఆ ఏటి సర్వసభ్య సమావేశానికి ప్రసంగం రాయడానికి నాకు మూడు వారాలు పట్టింది. చిన్నప్పుడు వక్తృత్వపు పోటీల్లో జిల్లా స్థాయి దాకా వెళ్లిన దాన్ని. ఎక్కడ గొంతు పెంచాలో, ఎక్కడ ఆగాలో తెలుసు. 1893తో మొదలుపెట్టాను. ఈ గడ్డ మీద స్త్రీలు ఓటు సంపాదించి నూరేళ్లు దాటితే, అదే గడ్డ మీద అడుగుపెట్టిన మనం మన స్త్రీలను వంటింటికి పరిమితం చేశామన్నాను. ఈ దేశానికి ప్రధానమంత్రిగా ఒక మహిళ ఉందనీ, ఆ ప్రధానిని దింపే ఓటు నాకుందనీ, మన సంఘం కోశాధికారిని దింపే ఓటు మాత్రం లేదనీ అన్నాను. అక్కడ చప్పట్లు పడతాయని ముందే అనుకున్నాను. పడ్డాయి. పన్నెండు నిమిషాలు మాట్లాడాను. తరువాత వేదిక మీదే ఒక కుర్చీలో కూర్చున్నాను.

అధ్యక్షుడుగారు చప్పట్లు కొట్టి, "మా అమ్మాయి ఎంత బాగా మాట్లాడింది" అన్నారు. తరువాత చేతులెత్తమన్నారు. మూడోవంతు చేతులు కూడా లేవలేదు. మా ఆయన చెయ్యి లేచింది. కాస్త ఆలస్యంగా, కుడిపక్కనా ఎడమపక్కనా చూసుకున్న తరువాత. ఆ చూపు నేను వేదిక మీది నుంచి గమనించాను. ఈ సంగతి ఆయనతో ఇప్పటికీ అనలేదు.

భోజనాల దగ్గర నలుగురైదుగురు వచ్చి నా భాష ఎంత స్వచ్ఛంగా ఉందో చెప్పారు. ఒకాయన ఉగాదికి యాంకరింగ్ చెయ్యమన్నాడు.

మరుసటి వారం కరివేపాకు కోసం షాపుకు వెళితే, ఆ వేళ రద్దీ లేదు. ప్రొద్దుటూరావిడను అడిగాను, ఎందుకు ఓడిపోయామంటావని.

"చెప్పేదా? ఏమనుకోకూడదు."

"అనుకోను, చెప్పు."

"నువ్వు వాళ్లను తిట్టినట్టుండాదక్కా. బాగనే తిట్టినావు, చప్పట్లు కొట్టినారు. తిట్టినాంక ఇంకేం అడిగినా ఎవురిస్తారు?"

"మరి మన ఆడవాళ్లైనా గట్టిగా ఏదైనా అనాల్సింది కదా. ఒక్కరూ నోరెత్తలేదు."

"మేం యాడ విన్యాం? ఆ వంటింటి ఫ్యాను మోతకు, షట్టరు కూడా దించేసిరి. చప్పట్లు వినబడినాంక, అయిపోయినట్టుండాది అన్నం తీయండి అనుకున్యాం."

ఆ హాలుకూ వంటింటికీ మధ్య వడ్డించడానికి పొడుగాటి కిటికీ లాంటిది ఉండేది, దానికి ఇనప షట్టరు. మీటింగు జరిగేటప్పుడు చప్పుడు రాకుండా దాన్ని దించేవాళ్లు. నేను ఎవరి గురించి పన్నెండు నిమిషాలు మాట్లాడానో వాళ్లలో ఎక్కువమంది ఆ షట్టరు అవతల ఉన్నారు. వినేవాళ్లను చూడలేదని టీచరు పెన్సిల్‌తో రాసిన మాట అప్పుడు అర్థమైంది. అర్థమైనంత మాత్రాన సుఖంగా ఏమీ లేదు.

ఆవిడ కౌంటరు దగ్గర ఎలా మాట్లాడుతుందో ఆ తరువాత నేను కొంచెం శ్రద్ధగా చూడటం మొదలుపెట్టాను. షాపులోకి కొత్త రకం కందిపప్పు వచ్చిందనుకోండి, అది మంచిదని ఎవరికీ చెప్పేది కాదు. "మీ ఇంట్లో పప్పు ఉడకడానికి ఎంతసేపు పడతాది వదినా?" అని అడిగేది. అవతలివాళ్లు వాళ్ల తిప్పలన్నీ చెప్పేవాళ్లు. మొత్తం విని, "ఇది అంతసేపు పట్టదు" అని ఊరుకునేది. వాళ్లే తీసుకునేవాళ్లు.

2007లో మళ్లీ తీర్మానం ఇచ్చాను. ఈసారి సంతకాలకు కొంచెం కష్టపడాల్సి వచ్చింది. సంతకం ఎందుకో వాళ్లకు తెలుసు కాబట్టి ఇద్దరు ముగ్గురు తప్పించుకున్నారు. ఈసారి నువ్వు మాట్లాడమని ప్రొద్దుటూరావిడకు ఒక పేజీ రాసిచ్చాను. వీలైనంత తేలిక మాటలతోనే రాశాను. ఆవిడ షాపులో నిలబడి పెదాలు కదుపుతూ చదువుకుంది.

"బాగుండాదక్కా. గానీ ఇది నా నోట్లో నుంచి వస్తే నేను అన్నట్టుండదు" అని మడిచి పర్సులో పెట్టుకుంది. మాట్లాడతానని గానీ మాట్లాడనని గానీ చెప్పలేదు.

ఆ ఏడు సమావేశం అక్టోబరులో పెట్టారు. ముప్పైమంది సభ్యులు హాజరైతేనే కోరం. లేకపోతే సమావేశం చెల్లదు. ఆ రోజు చాలక నవంబరుకు వాయిదా వేశారు. నవంబరు ఆదివారం పొద్దుటి నుంచీ ఎడతెరిపి లేని వాన. అయినా దీపావళి భోజనాలు కూడా కలిపి పెట్టడంతో హాలు నిండింది. పిల్లలు కుర్చీల మధ్య పరుగులు, ద్వారం దగ్గర తడిసిన గొడుగుల కుప్ప. వంటింట్లో పదిహేనుమందికి పైగా ఆడవాళ్లు. మీటింగు ఇంకా మొదలవలేదు కాబట్టి షట్టరు ఎత్తే ఉంది.

సెక్రటరీ తలలు లెక్కపెట్టి అధ్యక్షుడుగారి చెవిలో ఏదో చెప్పాడు. ఆయన మైకు అందుకున్నారు. ఆ రోజు ఆయన ముఖంలో నిజంగానే అలసట కనిపించింది.

"అందరికీ క్షమాపణలు. కోరానికి ఆరుగురు తక్కువయ్యారు. మళ్లీ వాయిదా వెయ్యక తప్పదు. ఇట్లా అయితే సంఘం నడపడం కష్టమండీ. మనవాళ్లు రాకపోతే నేనేం చెయ్యను?"

అప్పుడు షట్టరు అవతలి నుంచి, చేతిలో అన్నం వడ్డించే హస్తంతోనే, ప్రొద్దుటూరావిడ అడిగింది.

"సార్, ఎంతమంది తక్కువైనారు?"

"ఆరుగురు తల్లీ."

"ఈడ మొత్తం ఎంతమంది ఉండాం సార్?"

ఆయన హాలంతా ఒకసారి చూశారు. "నూటయాభైమంది ఉంటామేమో."

"నూటయాభైమందికే వండినాం సార్ మేము." ఆవిడ హస్తాన్ని పక్కన పెట్టి, పక్క తలుపు గుండా హాల్లోకి వచ్చింది. చేతులు చున్నీకి తుడుచుకుంటూ వేదిక ముందు నిలబడింది. మైకు తీసుకోలేదు. "కుటుంబానికి ఒక ఓటు అంటిరి. మంచిదే. మా ఇంటాయన రాల్యా, నేను వచ్చినా. మా కుటుంబం వచ్చినట్టా రానట్టా?"

ఆవిడ వంటింటి వైపు తిరిగింది.

"మీ ఇండ్లల్లో మొగోళ్లు రాకుండా మీరే వచ్చినోళ్లు ఎంతమంది? చేతులెత్తండి."

షట్టరు వెనక నుంచి కొన్ని చేతులు లేచాయి. ఒక చేతిలో గరిటె ఉంది. హాల్లో ఇంకో రెండు. ఆవిడ వేలితో ఎంచింది. ఆవిడతో కలిపి తొమ్మిది.

"ఆరుగురు కావాలంటిరి, తొమ్మిదిమందిమి ఉండాం సార్. మేము కొత్తగా ఏమీ అడగడంల్యా. మీరు కష్టపడి మీటింగు పెడతాండారు, మనుషులు చాలడంల్యా అంటాండారు. మనుషులు ఈడనే ఉండారు. అన్నానికి లెక్కకొచ్చినోళ్లం, మీటింగుకు లెక్కకు రామా?"

అంతే. ఒక నిమిషం కూడా పట్టలేదు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆవిడ గొంతు పెంచలేదు, ఎవరినీ ఏమీ అనలేదు. 1893 ఊసు లేదు. అధ్యక్షుడుగారికి ఆ రోజు ఏం కావాలో అదే చేతిలో పెట్టింది.

ఆయన కాసేపు మైకును అటూ ఇటూ తిప్పారు. "నువ్వన్నది న్యాయమేనమ్మా. కానీ రూలు ఈ రోజు మార్చాలన్నా ముందు కోరం కావాలి. పాత రూలు ప్రకారం" అన్నారు.

అది నిజం. సివిక్స్ చెప్పినదాన్ని కాబట్టి నాకు ముందే తెలుసు. అప్పుడు మా ఆయన లేచారు. లేస్తారని నేను అనుకోలేదు.

"అంకుల్, ఆరుగురే కదా. ఫోన్లు చేద్దాం. గంటలో వచ్చేస్తారు" అన్నారు.

పదిమంది మగవాళ్లు ఫోన్లు తీసుకుని వరండాలోకి వెళ్లారు. వాన చప్పుడులో వాళ్లు అరిచి మాట్లాడుతుంటే లోపలికి వినిపించింది. నిద్రపోతున్నవాణ్ణి లేపుతున్నాడొకడు. "బిర్యానీ ఉందిరా, రా" అంటున్నాడు ఇంకొకడు. వంటింట్లో ఆడవాళ్లు స్టవ్వులు సన్నం చేసి, మూతలు పెట్టి, హాల్లోకి వచ్చి గోడవారగా నిలబడ్డారు. పిల్లలకు మాత్రం ముందు పెట్టేశారు.

మొదట ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. తరువాత గరాజ్‌కి పెయింటు వేస్తూ మధ్యలో వచ్చిన ఒకాయన, మోచేతుల దాకా తెల్లరంగుతో. మనురేవా నుంచి ఒకతను షిఫ్టు ముగించుకుని షాపు యూనిఫాంతోనే వచ్చాడు. ఆరో మనిషి రెండున్నరకు వచ్చాడు. ఎందుకు పిలిచారో అతనికి సరిగ్గా తెలియదు. కుర్చీలో కూర్చోగానే చెయ్యెత్తమన్నారు, ఎత్తాడు. రూలు మారడానికి మూడింట రెండు వంతుల మెజారిటీ కావాలి. దానికంటే ఎక్కువే లేచాయి. నిరుడు ఎత్తనివాళ్లు చాలామంది ఎత్తారు. అందరికీ ఆకలిగా ఉందన్నది కూడా ఒక కారణమే అయి ఉంటుంది.

నాకు సంతోషం కలిగింది. దానితోపాటు చిన్నతనంగా కూడా అనిపించింది. నేను మూడు వారాలు రాసింది ఆవిడ హస్తం పక్కన పెట్టినంతసేపట్లో తేల్చేసింది. ఆ అసూయ ఒక రెండు రోజులు ఉంది. ఆవిడతో చెప్పలేదు. షాపుకు వెళ్లడం మాత్రం ఆ వారం మానేసి, పక్క షాపులో కరివేపాకు కొన్నాను.

నియమావళిలో మార్పు రిజిస్ట్రారు దగ్గర నమోదైతే గానీ అమలులోకి రాదు. కాబట్టి మేం ఆడవాళ్లం మొదటిసారి ఓటేసింది 2008లో. అధ్యక్ష పదవికి పెద్దాయనే మళ్లీ నిలబడ్డారు. ఆయన మీద ఒక కుర్ర ఐటీ ఉద్యోగి పోటీ. చేతులెత్తమంటే కొందరు ఆడవాళ్లు భర్తలు ఏ వైపు ఎత్తుతున్నారో చూసి ఎత్తుతున్నారని ఎవరో అనడంతో, అప్పటికప్పుడు కాగితాలు చింపి చీటీలు పంచారు. నేను కుర్రవాడికి వేశాను. పాత మనుషులు ఎంత మంచివాళ్లయినా మారుతూ ఉండాలని నా అభిప్రాయం. మా ఆయన పెద్దాయనకు వేశారు. ఇంటికొచ్చాక ఒకరికొకరం చెప్పుకుంటే, మా ఇద్దరి ఓట్లూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయని తేలింది.

"ఇంతోటిదానికి ఇద్దరం ఎందుకెళ్లినట్టు?" అన్నారాయన. కానీ ఆ సాయంత్రం ఎవరికి ఎందుకు వేశామో అన్నదాని మీద చాలాసేపు మాట్లాడుకున్నాం. పెళ్లయిన పదకొండేళ్లలో అలాంటి విషయం మీద అంతసేపు మాట్లాడుకోవడం అదే మొదలు.

పెద్దాయన మంచి మెజారిటీతో గెలిచారు. హాల్లో లెక్కింపు కాగానే నా దగ్గరకు వచ్చి, "మీ ఆడవాళ్ల ఓట్లతోనే గెలిచానమ్మా. ఆ రూలు ముందే మార్చాల్సింది" అన్నారు. "సంతోషమండీ" అన్నాను. అది అబద్ధం కాదు. ఆయన గెలిచినందుకు కాదు గానీ, ఆ మాట అన్నందుకు సంతోషమే.

ప్రొద్దుటూరావిడ ఎవరికి వేసిందో ఆ రోజే హాలు వంటింట్లో అడిగాను. కుర్రవాడికే వేసి ఉంటుందనుకున్నాను.

"పెద్దసారుకే వేసినా" అంది.

"నీ చెయ్యి దించమన్నది ఆయనే కదా."

"దించమన్యాడు. మేం వచ్చిన కొత్తలో మా ఇంటికి సోఫా మోసుకొచ్చింది కూడా ఆయనే. ఆ వయసులో, మెట్లెక్కి." ఆవిడ గిన్నెలో మిగిలిన పెరుగన్నాన్ని డబ్బాలోకి తీస్తోంది. "ఓటు నాది గదక్కా. నువ్వు చెప్పినోళ్లకు వేసేదానికి ఇంత తిప్పలెందుకు?"

నేను చెప్పినవాళ్లకు వేస్తుందని లోలోపల అనుకున్నానని ఆ మాటతో తెలిసింది.

నేను ఆ మరుసటి ఏడు దక్షిణ ఆక్లండ్‌లో ఒక హైస్కూల్లో సోషల్ స్టడీస్ టీచరుగా చేరాను. అదే ఏడాది మే నెలలో ప్రొద్దుటూరావిడ భర్త దగ్గరకు మెల్‌బోర్న్ వెళ్లిపోయింది. ఎయిర్‌పోర్టుకు పెద్దాయనా, మేమిద్దరమూ వెళ్లాం. పెద్దాయన సామాను ట్రాలీ తానే తోస్తానని పట్టుబట్టారు.

ఆరు నెలలకు ఫోను చేసింది. అక్కడి తెలుగువాళ్ల సంఘానికి వెళుతున్నావా అని అడిగాను. ఒకసారి వెళ్లానంది. అక్కడ మొదటి నుంచీ ఆడామగా అందరికీ ఓటుందట.

"అయితే నీకక్కడ పనేం లేదన్నమాట" అన్నాను.

"ఏంటికి లేదు? ఓట్లేమో అందరివీ, వంట మాత్రం ఆడోళ్లదే. పోయిన ఆదివారం రెండు గంటలు గిన్నెలు తోమినాం" అంది. "కార్యదర్శి మనిషి మంచోడే. మొగోళ్లను గూడా గిన్నెల కాడికి రమ్మని అడిగేదానికి ముందు, ఆయనకు ఏం తినడం ఇష్టమో కనుక్కుంటాండా."

అంతలో ఎవరో తలుపు కొట్టారని మళ్లీ చేస్తానని పెట్టేసింది.